ముందు ఫ్లాట్ సంగతి, తర్వాత ఉద్యోగం

ప్రశ్న: అక్కగారూ, నాకు 39 ఏళ్లు. పదహారేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇప్పుడున్నది మూడో కంపెనీ, చేరి నాలుగేళ్లు. మేనేజర్‌ని. పగలంతా ఇక్కడి టీమ్‌తో, రాత్రి తొమ్మిదిన్నర నుంచి అమెరికా వాళ్లతో కాల్స్. నెలలో ఒక వారం ఆన్‌కాల్. అర్ధరాత్రి ఫోన్ మోగితే పది నిమిషాల్లో లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. కిందటేడు బీపీ వచ్చింది. మొన్నామధ్య మా పాప స్కూల్ యాన్యువల్ డే. తను స్టేజి మీద కూచిపూడి చేస్తుంటే నేను పార్కింగ్‌లో కారు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని సర్వర్ లేపుతున్నాను. లోపలి పాట మైకులో వినపడుతూనే ఉంది. ఇక చాలు అనుకున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారికి 71. మూడున్నర ఎకరాల మాగాణి ఉంది, పన్నెండేళ్లుగా ఎకరాకి 18 బస్తాల చొప్పున కౌలుకిచ్చారు. ఏప్రిల్ ఒకటిన రాజీనామా ఇచ్చి, మూడు నెలల నోటీసు పూర్తి చేసి, జూన్ నెలాఖరుకి ఊరెళ్లి సొంతంగా సేద్యం చేద్దామని ఉంది. నార్సింగిలో ఫ్లాట్ ఉంది. 2018లో 83 లక్షలు లోన్ తీసుకున్నాం, ఇంకా 68 లక్షలుంది, ఈఎంఐ 72 వేలు. దాన్ని అద్దెకిస్తే 38 వేలు వస్తాయి. మ్యూచువల్ ఫండ్స్‌లో 31 లక్షలు, పీఎఫ్‌లో 24 లక్షలు ఉన్నాయి. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకి పెద్దగా అభ్యంతరం ఉండదనుకుంటున్నాను. పాప ఏడో తరగతి. ప్లానంతా ఎక్సెల్‌లో వేసి జత చేశాను. మానేయమంటారా, వద్దంటారా?
(నార్సింగి నుంచి ఒక పాఠకుడు; నాలుగు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించాం)

సమాధానం: మానేయండి. కానీ ఈ జూన్‌లో కాదు.

మీ ఎక్సెల్ తెరిచి చూశాను. పదకొండు షీట్లు. నాట్లకి ఒక రంగు, ఎరువులకి ఒక రంగు. పొలాన్ని కూడా క్వార్టర్ వన్, క్వార్టర్ టూ అని మూడేసి నెలలుగా కోశారు. ఒక షీటులో మీ నాన్నగారి పేరు పక్కన 'స్టేక్‌హోల్డర్' అని ఉంది. నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే నేనూ అచ్చం ఇదే పని చేశాను.

2014లో నేనూ హైదరాబాద్‌లో టెస్టింగ్ లీడ్‌ని. నాకు 37 అప్పుడు. మానేసి రాజమండ్రి వచ్చేసి, కడియం వైపు ఎకరం భూమి లీజుకి తీసుకుని నర్సరీ పెట్టాను. కడియం నర్సరీల గురించి మీకు తెలిసే ఉంటుంది, ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో లారీలు వచ్చి మొక్కలు ఎత్తుకెళ్తాయి. నేను ఎక్సెల్‌లో మొక్క పెరిగే రోజులు వేశాను, నీళ్లు వేశాను, మేలో ఎండకి షేడ్‌నెట్ ఖర్చు కూడా వేశాను. వేయనిది ఒక్కటే, అరువు. సరుకెత్తుకెళ్లిన వాళ్లు 'వచ్చే లోడుకి ఇస్తాం అమ్మా' అనేవారు. పక్క నర్సరీ ఆయన అదే వ్యాపారిని తన గట్టు మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, రెండు గంటలు కబుర్లు చెప్పి, చివరికి జేబులోంచి డబ్బు తీయించేవాడు. నేను వాట్సాప్‌లో రిమైండర్ పంపేదాన్ని. మొక్కని పెంచడం వచ్చింది గానీ బాకీ వసూలు చేయడం నాకు రాలేదు. ఇరవై నెలల్లో ఆరు లక్షలు పోయాయి. ఇప్పుడు సాయంత్రాలు హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెప్తాను, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే ఒక చిన్న కంపెనీకి టెస్టింగ్ చేస్తాను. మళ్లీ పాత ఉద్యోగానికి వెళ్తావా అని అడిగితే వెళ్లను. అయినా ఆ ఆరు లక్షలు ఇప్పటికీ గుచ్చుకుంటాయి.

అందుకే మీ పొలం లెక్క కాగితం మీద మళ్లీ వేశాను, మా బంధువులు తెనాలి వైపు చెప్పే ఖర్చులతో. ఎకరాకి 30 బస్తాలు పండాయనుకోండి, మంచి పంటే. మూడున్నర ఎకరాలకి 105 బస్తాలు. బస్తా 75 కిలోలు కాబట్టి 78 క్వింటాళ్ల చిల్లర. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. అంటే లక్షా 86 వేలు. దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషన్, అన్నీ కలిపి ఎకరాకి 37 వేలు తక్కువ కాదు. వరి మీద మిగిలేది 57 వేలు. తర్వాత మినుము. ఎకరాకి ఐదు క్వింటాళ్లు, అదే ఏడాది మద్దతు ధర క్వింటాలు 7,800. ఖర్చులు పోగా ఎకరాకి 24 వేలు మిగిలితే, మొత్తం 84 వేలు. రెండు పంటలూ కలిపి లక్షా 41 వేలు.

ఇప్పుడు కౌలు చూడండి. ఎకరాకి 18 బస్తాలంటే 63 బస్తాలు, అదే ధరకి లక్షా 12 వేలు. మీ నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉండగానే ఇది వస్తోంది.

తేడా 29 వేలు. ఏడాదంతా మీరు పొలంలో పడే కష్టానికి అదనంగా వచ్చేది అదే, అదీ వానలు, తెగుళ్లు, తుపాన్లు అన్నీ మీ మాట విన్న ఏడాదిలో. మీ ఈఎంఐలో పన్నెండు రోజులకి సరిపోతుంది. వినని ఏడాది ఎలా ఉంటుందో మీకు తెలుసు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మీ ఊళ్లో కూడా కోతకొచ్చిన చేలు పడిపోయే ఉంటాయి. పల్లాకు తెగులు వస్తే మినుము కథ కూడా అంతే.

ఈ లెక్క మిమ్మల్ని భయపెట్టడానికి వేయలేదు. వేస్తుంటే నాకు ఇంకో మనిషి కనపడ్డాడు. పన్నెండేళ్లుగా మీ పొలం చేస్తున్న కౌలు రైతు. మీ ఉత్తరంలో ఆయన పేరు లేదు. పదకొండు షీట్లలోనూ లేదు. పైన చెప్పిన 29 వేలూ ఇప్పుడు ఆయన బతుకు. ఆయనా, ఆయన భార్యా కూలీల బదులు తామే దిగుతారు కాబట్టి ఇంకాస్త మిగుల్చుకుంటూ ఉండాలి. మీరు జూన్‌లో దిగితే ఆయన ఆ సీజన్‌కి వేరే పొలం వెతుక్కోవాలి, జూన్‌లో ఎవరిస్తారు? ఆ సంగతి అలా ఉంచినా, ఆ మూడున్నర ఎకరాల్లో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ గట్టు తెగుతుందో ఆయనకి తెలిసినంత మీ నాన్నగారికి కూడా ఇప్పుడు తెలీకపోవచ్చు.

మినుము సంగతే తీసుకోండి. మీ షీటులో 'మినుము విత్తడం: డిసెంబర్ రెండో వారం' అని ఉంది. మీ వైపు మాగాణుల్లో మినుము ఎలా వేస్తారో చిన్నప్పుడు చూసే ఉంటారు. వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకి రెండు మూడు రోజుల ముందు, ఆ చేలోనే విత్తనం చల్లేస్తారు. దున్నడం ఉండదు. వరికి పెట్టిన తడిలో మిగిలిన పదునుతోనే మొలకెత్తాలి, ఆ పదునుతోనే బతకాలి. తడి ఎక్కువైతే విత్తనం కుళ్లుతుంది, తక్కువైతే లేవదు. పైగా ఇప్పుడు కోత మిషన్ వచ్చింది, దాని చక్రాల కింద మొలక నలిగిపోకుండా చూసుకోవాలి. కాబట్టి ఏ రోజు చల్లాలో ఎవరు చెప్తారు? పొద్దున్నే చేలోకి దిగి, మొక్కల మొదట్లో మట్టి తీసి పిడికిట్లో నలిపి చూసి, 'రేపు కాదు, ఎల్లుండి' అనే మనిషి చెప్తాడు. అది మీకు రావాలంటే కనీసం ఒక పంట ఆయన వెనక తిరగాలి. ఆయన్ని పంపించేసి నేర్చుకోవడం కుదరదు.

కాబట్టి ఈ ఏడాది పొలం ఆయన దగ్గరే ఉంచండి. మీకున్న సెలవుల్ని, కావాలంటే కొన్ని రోజులు జీతం నష్టం మీద తీసుకున్న సెలవుల్ని కూడా, రెండు ముక్కలు చేయండి. కాలవలకి నీళ్లొదిలాక నారుమళ్లు, నాట్లు జరిగే రోజుల్లో పది రోజులు. కోతలు, మినుము చల్లే రోజుల్లో పది రోజులు. ఫోటోలు తీసుకోవడానికి కాదు, ఆయన చెప్పిన పని చేయడానికి. నడుము విరుగుతుంది. విరిగాక కూడా ఊరెళ్లాలని ఉంటే అది వేరే సంగతి.

ఇక ఫ్లాట్. నిజానికి మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఇదే. మీరు ఉద్యోగం మిమ్మల్ని కట్టేసిందని రాశారు. ఉద్యోగం కాదు, నార్సింగిలోని ఆ మూడు బెడ్‌రూములు కట్టేశాయి. 2018 నుంచి నెలనెలా 72 వేలు కడుతున్నారు. ఈ ఏడేళ్లలో 60 లక్షలు కట్టారు. అసలు తగ్గింది 15 లక్షలు. మిగతా 45 లక్షలూ వడ్డీ. అర్ధరాత్రి ఫోన్ ఎత్తి మీరు లేపిన సర్వర్లలో ఎన్నింటి డబ్బు అటే పోయిందో ఒకసారి ఆలోచించండి. అద్దె 38 వేలు పోను, ఇంకా నెలకి 34 వేలు చేతి నుంచి వేయాలి. ఏడాదికి నాలుగు లక్షల పైమాట. పొలం మొత్తం ఇచ్చేది లక్షా 41 వేలు. మీరు అన్నం తినకముందే రెండున్నర లక్షలకు పైగా లోటు. అది ఫండ్స్‌లోంచి తీస్తారు. నాలుగైదేళ్లలో ఫండ్స్ కరిగిపోతాయి, పాపకి ఇంటర్ వస్తుంది, మీరు మళ్లీ రెజ్యూమే తీస్తారు. 44 ఏళ్లకి, ఐదేళ్ల గ్యాప్‌తో.

నేను చూసినంతలో ఊరెళ్లి వెనక్కొచ్చిన వాళ్లలో చాలామంది పల్లె నచ్చక రాలేదు. సిటీలో వదిలొచ్చిన అప్పు పిలిస్తే వచ్చారు.

ఫ్లాట్ కోటీ అరవై పలుకుతోందని మీ షీటులోనే ఒక మూల ఉంది. అమ్మితే లోన్ 68 పోను 92 లక్షలు. ఫ్లోటింగ్ వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) హోమ్‌లోన్ అయితే ముందే తీర్చేసినందుకు బ్యాంకు పెనాల్టీ వేయకూడదు, ఆ భయం వద్దు. పన్ను ఉంటుంది. 2024 జులై 23కి ముందు కొన్నది కాబట్టి 12.5 శాతం లెక్కా, ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి వేసే 20 శాతం లెక్కా రెండూ వేయించి, తక్కువైంది కట్టొచ్చు. మీ విషయంలో రెండోదే తక్కువ రావచ్చనిపిస్తోంది, ఆడిటర్‌ని అడగండి. బ్రోకరు, పన్ను, చిల్లర ఖర్చులు అన్నీ పోనిచ్చి 85 లక్షలు అనుకుందాం. ఫండ్స్ 31 కలిపితే కోటీ 16 లక్షలు, పీఎఫ్ ముట్టుకోకుండా. ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి ఏడున్నర లక్షలు. తెనాలిలో అద్దె ఇంట్లో ముగ్గురు మనుషులు దానితో బతకొచ్చు. ధరలు పెరుగుతాయి, పాప చదువుంది, అందుకని పూర్తిగా దాని మీదే ఆధారపడమనను. ఏడాదిలో నాలుగైదు నెలలు ఇంటి నుంచి ఏదో కాంట్రాక్టు పని చేసుకుంటే సరిపోతుంది. పదహారేళ్ల అనుభవం ఉన్నవాడికి అది దొరక్కపోదు. మీరు కలగన్నట్టు పొలం మిమ్మల్ని పోషించదు. కానీ పోషించాల్సిన అవసరం లేకపోతే పొలం బాగానే ఉంటుంది.

అయితే ఆ ఫ్లాట్ మీ ఒక్కరిదేనా? చాలావరకు ఇలాంటి లోన్లు భార్యాభర్తలిద్దరి పేరా ఉంటాయి. అలా అయితే ఆమె సంతకం లేకుండా అమ్మలేరు, అది మంచిదే, ఎందుకంటే ఆ వంకతోనైనా మీరిద్దరూ ఒక మాట మాట్లాడుకోవాల్సి వస్తుంది. నాలుగు పేజీల ఉత్తరంలో ఆమె గురించి మీరు రాసింది ఒక్క వాక్యం. 'పెద్దగా అభ్యంతరం ఉండదనుకుంటున్నాను.' అనుకోవడం ఎందుకండీ, పక్క గదిలోనే ఉందిగా, అడగలేదా?

కొంచెం కటువుగా అనిపిస్తే ఏమనుకోకండి. మీకు ఊరంటే పొలం గట్టు, కాలవ, సాయంత్రం గాలి. ఆమెకి ఊరంటే అత్తగారిల్లు. మీరు పొద్దున్నే చేలోకి వెళ్తే, మీకూ, పెద్దవాళ్లకీ, పనికొచ్చిన కూలీలకీ టీలు, టిఫిన్లు ఎవరు చూస్తారు? ఆమె ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం, సొంతంగా చేతికొచ్చే జీతం, స్టాఫ్‌రూములో పక్కన కూర్చునే స్నేహితురాళ్లు, ఇవన్నీ వదిలేస్తే ఆమెకి ఏం వస్తుంది? మీ ప్లానులో దానికి షీటు లేదు. నా అంచనా, ఆమె పూర్తిగా వద్దనకపోవచ్చు. ఊళ్లో కాదు, తెనాలి టౌన్‌లో ఉందాం అనొచ్చు. అక్కడా స్కూళ్లున్నాయి, గుంటూరు, విజయవాడ రెండూ దగ్గరే, మీరు పొలానికి బండి మీద వెళ్లి రావచ్చు. లేదా పాప పదో తరగతి అయ్యేదాకా ఆగుదాం అనొచ్చు. అది కూడా తప్పు మాట కాదు. ఏమన్నా సరే, మీరు రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నాక అడిగితే అది అడగడం కాదు, చెప్పడం.

పాపనీ అడగండి. పన్నెండేళ్ల పిల్ల, అన్నీ తెలుస్తాయి. యాన్యువల్ డే రోజు మీరెక్కడున్నారో కూడా తెలుసు.

ఆఫీసు గురించి ఒక్క మాట. ఆన్‌కాల్ తీసేయమని, రాత్రి కాల్స్ వారానికి రెండుకి తగ్గించమని మీ పై వాళ్లని ఎప్పుడైనా నోరు తెరిచి అడిగారా? 'అడిగితే వచ్చే లేఆఫ్ లిస్టులో నా పేరుంటుంది' అని రాశారు. రాజీనామాకి సిద్ధపడ్డ మనిషికి లేఆఫ్ భయమేంటి? తీసేస్తే కొన్ని నెలల జీతం చేతిలో పెట్టి పంపుతారు, మీరంతట మీరు వెళ్తే అదీ ఉండదు. ఇంత ధైర్యంగా అడిగే అవకాశం మీకు ఈ పదహారేళ్లలో ఇప్పుడే వచ్చింది. అడగండి. ఒప్పుకుంటే ఈ ఏడాది నిద్రపోతూ గడుస్తుంది, బీపీకీ మంచిది. ఒప్పుకోకపోతే పోయేదేమీ లేదు.

ఏడాది ఆగమనడానికి ఇంకో కారణం గ్రాట్యుటీ. ఒకే కంపెనీలో ఐదేళ్లు నిండితే వస్తుంది. మీరు జూన్‌లో బయటికొస్తే నాలుగేళ్ల మూడు నెలలు, సున్నా. మీ బేసిక్ లక్షా పది వేలని షీటులో ఉంది. దాన్ని 26తో భాగించి, 15తో, ఐదేళ్లతో గుణిస్తే మూడు లక్షల 17 వేలు. పొలం రెండేళ్లు పండినా అంత ఇవ్వదు. పీఎఫ్ మాత్రం తీయకండి, ట్రాక్టర్ కొందామని బుద్ధి పుట్టినా సరే. ముఖ్యంగా ట్రాక్టర్ కోసం. మూడున్నర ఎకరాలకి అద్దె ట్రాక్టర్ చాలు.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది ఆఖరి రోజున గుర్తు చేసుకుంటారు. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ సాధారణంగా మీ ఉద్యోగంతోనే ఆగిపోతుంది. అది ఉండగానే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారమని దరఖాస్తు పెట్టండి, ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది. కొత్తగా తీసుకుంటే మీ బీపీలాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. 2025 సెప్టెంబరు నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అదొక ఊరట. నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం ఇచ్చే ఐదు లక్షల వైద్య బీమా, ఆయుష్మాన్ కార్డు ఇప్పుడే తీసుకోండి.

ఇంతవరకు డబ్బు. డబ్బు కుదిరాక కూడా ఒకటి మిగిలి ఉంటుంది, అది నాకెవరూ చెప్పలేదు. మొదటి మూడు నెలలు పండగే. నేను రోజుకి పది గంటలు పడుకున్నాను. నాలుగో నెలలో రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్లేది. కాల్ లేదు. ఎవరికీ నాతో పని లేదు. అప్పుడు పట్టుకున్న గుబులు నాకు ఏ ప్రొడక్షన్ రిలీజ్ రోజూ లేదు. దానికి తోడు పెళ్లిళ్లు. 'ఇప్పుడేం చేస్తున్నావమ్మా?' అని అడిగేవాళ్లకి ఒక్క మాటలో చెప్పే జవాబు ఉండేది కాదు. మొక్కలు అంటే జాలిగా చూసేవారు. మీ ఊళ్లో అయితే ఇంకా తేలిక, 'ఉద్యోగం పీకేశారంట' అని వారంలో తేల్చేస్తారు. ఈ లేఆఫుల రోజుల్లో మీరెంత మొత్తుకున్నా నమ్మరు. దాన్ని మీరు తట్టుకుంటారు. మీ నాన్నగారు తట్టుకుంటారా? పదహారేళ్లుగా రచ్చబండ దగ్గర 'మావాడు హైదరాబాద్‌లో మేనేజరు' అని చెప్పుకున్న మనిషి ఆయన. కొడుకు తన పొలం తాను చేస్తానంటే తండ్రికి సంతోషమే అని మీరు రాశారు. ఉండొచ్చు. నేను విన్న తండ్రులు మాత్రం మొదట 'నేను ఇందులోంచి నిన్ను బయటపడేయడానికే కదరా చదివించింది' అన్నారు. ఆయనతో కూడా ఫోన్లో కాకుండా, వెళ్లి పక్కన కూర్చుని మాట్లాడండి.

ఆ గుబులు ఎన్నాళ్లుంటుందని అడుగుతారేమో. నాకు ఎనిమిది నెలలుంది. నర్సరీలో నష్టమొచ్చాక కాదు, లెక్కలు చెప్పించుకోడానికి మొదటి పిల్లాడు వచ్చిన రోజున పోయింది. ఎవరో ఒకరు మనకోసం ఫలానా టైముకి వస్తారంటే ఆ రోజుకి ఒక ఆకారం వస్తుంది. మీకది పొలమే కావచ్చు, కాకపోనూ వచ్చు. ఊళ్లో ఉన్న ఏడాదిలో తెలుస్తుంది, ముందే షీటులో రాయకండి.

కాబట్టి వరస ఇది: ఇంట్లో మాట, ఆఫీసులో అడగడం, రెండు పంటల సమయంలో సెలవులు, ఆమె సరేనంటే ఫ్లాట్ అమ్మకం, ఐదేళ్లు నిండాక రాజీనామా. ఇంట్లో మాట దగ్గరే మొత్తం మారిపోవచ్చు. ఆమె ఫ్లాట్ అమ్మనంటే ఉద్యోగం మానేసే ఆలోచన అక్కడికి ఆపండి, కంపెనీ మాత్రం మారండి. రాత్రి కాల్స్ లేని ఉద్యోగాలు జీతం తక్కువైనా దొరుకుతాయి.

వీటన్నిటికంటే ముందు చేయగలిగింది ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ కౌలు రైతు నంబరు నాన్నగారి దగ్గర తీసుకుని ఫోన్ చేయండి. పొలం లాక్కోవడానికి కాదని మొదటి మాటలోనే చెప్పండి, లేకపోతే ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టదు. నాట్లకి వచ్చి మీ వెనక పది రోజులు పని చేస్తాను, నేర్పుతారా అని అడగండి. పగలు చేయకండి, చేలో ఉంటే ఎత్తరు. రాత్రి ఏడున్నర దాటాక, భోజనమయ్యాక చేయండి. మీ కాల్స్ మొదలయ్యేది తొమ్మిదిన్నరకి కదా, టైముంది.